ఇంట్లో బ్రీత్ అనలైజర్: మత్తులో అన్న మాటల గురించి అది ఏం చెప్పగలదు

జేబులో ఇమిడిపోయే బ్రీత్ అనలైజర్లను కొనేవారిలో ఎక్కువమంది వాహనం నడపగలిగే స్థితిలో ఉన్నామా లేదా అని చూసుకోవడానికి కొంటారు. మేము వేరే కారణంతో కొన్నాము. మా తమ్ముడు తాగినప్పుడు అనే మాటలే అతని అసలు మనసని మరదలు నమ్ముతుంది. ఆ మాటలు వాడివి కావు, మందు మాట్లాడించినవి అని అమ్మ వెనకేసుకొస్తుంది. మర్నాడు ఉదయం అతనేమో తనకేమీ గుర్తులేదంటాడు. వీటిలో ఏదీ తేలక ఇంట్లో మనుషులు ఒకరికొకరు దూరమవుతున్న రోజుల్లో, కనీసం ఎంత తాగాడన్న విషయంలోనైనా గొడవ ఉండదని ఆ పరికరం తెప్పించాము. ఊదుతానని తమ్ముడు తనంతట తాను ఒప్పుకున్న తరువాతే తెప్పించాము. కొన్ని నెలలు వాడిన మీదట దాని పనితీరు గురించీ, అది తేల్చగలిగే, తేల్చలేని సంగతుల గురించీ రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు, ఇక్కడ చెప్పేవాటిలో చాలా భాగం ఈ రకం పరికరాలన్నింటికీ వర్తిస్తుంది కాబట్టి.

ముందు యంత్రం సంగతి. ఇంటి వాడకానికి దొరికే మీటర్లలో రెండు రకాల సెన్సర్లు ఉంటాయి. సెమీకండక్టర్ సెన్సర్‌లో టిన్ ఆక్సైడ్ పొర మీద ఆల్కహాల్ ఆవిరి తగిలినప్పుడు దాని విద్యుత్ నిరోధం మారుతుంది. అది చవకైనదే గాని, సిగరెట్ పొగకూ, మధుమేహం అదుపులో లేనివారి ఊపిరిలో ఉండే అసిటోన్‌కూ కూడా స్పందించవచ్చు. కాలం గడిచేకొద్దీ దాని అంకె నెమ్మదిగా పక్కకు జరుగుతుంది. ఫ్యూయల్ సెల్ సెన్సర్‌లో ప్లాటినం ఎలక్ట్రోడ్ మీద ఆల్కహాల్ ఆక్సీకరణం చెంది ఎసిటిక్ ఆమ్లంగా మారుతుంది, ఆ చర్యలో పుట్టిన విద్యుత్తును బట్టి ఆల్కహాల్ ఎంత ఉందో లెక్కిస్తారు. పోలీసుల చేతుల్లో కనిపించే పరికరాల్లో సాధారణంగా ఉండేది ఇదే. మేము రెండో రకం తీసుకున్నాము. ఇంటి మనుషుల మధ్య నమ్మకానికి సంబంధించిన విషయంలో తప్పుడు అంకె చూపే పరికరం ఉండటం కన్నా ఏ పరికరమూ లేకపోవడం మేలని నా గట్టి అభిప్రాయం.

తెర మీద కనిపించే అంకెకు అర్థం ఏమిటో కొనేముందే తెలుసుకోవాలి. మీటరు రక్తాన్ని నేరుగా చూడదు. 2100 మిల్లీలీటర్ల ఊపిరిలో ఉన్నంత ఆల్కహాల్ ఒక మిల్లీలీటరు రక్తంలో ఉంటుందన్న సగటు నిష్పత్తిని పట్టుకుని రక్తంలోని మోతాదును అంచనా వేస్తుంది. ఆ నిష్పత్తి మనిషికీ మనిషికీ, ఒకే మనిషిలో వేళకూ వేళకూ కొంత మారుతుంది. 0.05 అని కనిపిస్తే 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉందని అనుకోవాలి. చివరి గుక్క తరువాత కనీసం 15 నిమిషాలు ఆగకుండా ఊదితే నోటిలో మిగిలిపోయినదంతా లెక్కకు వచ్చి అంకె భయపెట్టేంతగా పెరుగుతుంది, ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్‌తో పుక్కిలించినా అదే జరుగుతుంది. తాగడం ఆపిన తరువాత కూడా అరగంట నుంచి గంటన్నర దాకా రక్తంలో మోతాదు పెరుగుతూ పోవచ్చు కనుక, ఒకే ఒక్క అంకె చూసి మనిషి స్థితిని నిర్ణయించకూడదు. మా మీటరు ఈ పరీక్షల్లో నిలకడగానే ఉంది: కొద్ది నిమిషాల తేడాతో రెండుసార్లు ఊదినప్పుడు దగ్గర దగ్గర అంకెలే వచ్చాయి, ఏమీ తాగని మేము ఊదినప్పుడు సున్నాయే చూపింది. ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి క్యాలిబ్రేషన్, అంటే తెలిసిన మోతాదుతో పోల్చి అంకెను సరిచేయించడం, చేయించాలి. చాలామంది పట్టించుకోని ఈ పని చేయించకపోతే పైన చెప్పిన నిలకడకు అర్థం ఉండదు.

ఇక మేము దేనికోసం కొన్నామో ఆ విషయానికి వస్తాను.

మొదటగా తెలిసిన సంగతి మా అందరినీ ఆశ్చర్యపరిచింది. తమ్ముడి గొంతు మారడం, మాట పదునెక్కడం, చాలాసార్లు మొదటి గ్లాసు సగం కాకముందే మొదలయ్యేది. అప్పుడే నోరు కడిగి, పావుగంట ఆగి ఊదితే వచ్చే అంకె సున్నాకు కొద్దిగా పైన ఉండేది. అంత తక్కువ మోతాదు మెదడును అంతగా మార్చేసిందని చెప్పడానికి వీలులేదు. 1975లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ ప్రయోగం ఇక్కడ గుర్తుచేసుకోదగినది. కొందరికి వోడ్కా కలిపిన పానీయం, కొందరికి ఉత్త టానిక్ నీళ్లు ఇచ్చి, తాగినది ఏమిటన్న విషయంలో ప్రతి వర్గంలోనూ సగం మందికి నిజం, సగం మందికి అబద్ధం చెప్పారు. ఎదుటివారికి విద్యుత్ షాక్ ఇచ్చే అవకాశం వచ్చినప్పుడు, గ్లాసులో నిజంగా మద్యం ఉందా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా, తాము మద్యం తాగామని నమ్మినవారే ఎక్కువ తీవ్రమైన షాకులు ఇచ్చారు. అంటే మత్తులో కనిపించే ప్రవర్తనలో కొంత భాగం రసాయనం వల్ల కాక, తాగాను కాబట్టి ఇప్పుడు అనవచ్చు అన్న అనుమతి వల్ల వస్తుంది. 1969లోనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు అనేక సమాజాల నుంచి వచ్చిన వివరాలను పోల్చి, తాగినవాళ్లు ఎలా ప్రవర్తిస్తారన్నది ఆ సమాజం వారి నుంచి ఏం ఆశిస్తుంది, ఎంతవరకు మన్నిస్తుంది అన్నదాన్ని బట్టి మారుతుందని వాదించారు. మా అమ్మ వాదనలోని బలహీనత ఈ అంకెతోనే బయటపడింది: మాట్లాడించినది మందే అయితే, మందు ఇంకా రక్తంలోకి పెద్దగా చేరకముందు మాట్లాడినది ఎవరు?

అంతమాత్రాన మరదలి వాదన నిలిచిందని కూడా చెప్పలేను. ఒకే అంకె దగ్గర తమ్ముడు ఇద్దరు మనుషుల్లా ఉండేవాడు. స్నేహితులతో కూర్చుని వచ్చిన రోజు ఆ అంకె దగ్గర పాటలు పాడి, అందరినీ పలకరించి, చిన్నపిల్లలను భుజాన వేసుకుని తిప్పేవాడు. ఆస్తి పంపకాల మాట వచ్చిన రోజు అదే అంకె దగ్గర కటువుగా మారి, భార్య మనసు విరిగేలా మాట్లాడేవాడు. అసలు స్వభావం బయటపడుతుందనే మాట నిజమైతే, ఈ ఇద్దరిలో అసలువాడు ఎవరు? ఎందుకో గాని మనం ఎప్పుడూ కటువుగా ఉన్నవాడినే అసలువాడిగా ఎంచుకుంటాము. మత్తులో ప్రేమ ఒలకబోసినవాడి గురించి మాత్రం మందు పని అని కొట్టిపారేస్తాము. ఈ అసమానత నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఈ తేడాను వివరించే సిద్ధాంతాన్ని క్లాడ్ స్టీల్, రాబర్ట్ జోసెఫ్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1990లో వివరంగా ప్రతిపాదించారు. వారి ప్రకారం మద్యం మనిషి దృష్టిని ఇరుకు చేస్తుంది. కళ్ల ముందు ఉన్నది, అప్పుడే చెవిన పడినది పెద్దదిగా కనిపించి, దూరంగా ఉన్నవి, అంటే రేపటి పర్యవసానం, ఎదుటివారి మనసు, తాను పాటించే విలువలు కనుమరుగవుతాయి. ముందున్నది ఆహ్లాదమైతే మనిషి ఆహ్లాదంగానూ, ముందున్నది కయ్యమైతే కయ్యానికి కాలుదువ్వుతూనూ కనిపిస్తాడు. మెదడులో కూడా దీనికి ఆధారం ఉంది: ఆల్కహాల్ ఒకవైపు గాబా అనే నిరోధక రసాయనం పనిని పెంచి, మరోవైపు గ్లుటమేట్ చేసే ఉత్తేజక పనిని తగ్గిస్తుంది, ముందూ వెనకా ఆలోచించి ఆగడానికి తోడ్పడే మెదడు ముందుభాగం ఆ దెబ్బకు మందగిస్తుంది.

తమ్ముడితో పగటిపూట, పూర్తి తెలివిలో ఉన్నప్పుడు నేను ఈ విషయం మాట్లాడాను. పంపకాల్లో తనను తక్కువచేశారన్న బాధ తనకు నిజంగానే ఉందని ఒప్పుకున్నాడు. కానీ దానికి భార్యను బాధ్యురాలిని చేసి అన్న మాటలు తన అభిప్రాయం కాదని, ఆమె లేకపోతే ఆ రోజుల్లో తాను నిలబడగలిగేవాడిని కానని కూడా అన్నాడు. అతని మాటల్లో నాకు నిజాయితీ కనిపించింది. మనసులో ఉన్న బాధ మత్తులో బయటికి వచ్చింది, ఆ బాధను తూచి చూసే మిగతా మనసు మాత్రం దానితోపాటు రాలేదు. అందుకే మత్తులో వినిపించిన మాటను ఒక సమాచారంగా తీసుకోవచ్చు, తీర్పుగా తీసుకోలేము. ఏ విషయం అతన్ని లోపల తొలుస్తోందో అది చెప్పవచ్చు. ఆ విషయంలో అతను చివరికి ఏ పక్షాన నిలుస్తాడో చెప్పదు.

ఆపుకోవడం కూడా మనిషి స్వభావంలో భాగమేనన్న సంగతిని ఈ చర్చలో చాలామంది మరచిపోతారు. కోపం నిజం, దాన్ని అణచుకోవడం నటన అని ఎందుకు అనుకోవాలి? రోజూ కోపం వచ్చినా రోజూ దాన్ని మింగి మర్యాదగా మాట్లాడే మనిషిలో, ఆ మింగడం సంవత్సరాల తరబడి అలవరచుకున్న గుణం, ప్రేమతోనో బాధ్యతతోనో చేసిన ఎంపిక. మద్యం ఆ ఎంపిక చేసే శక్తిని కాసేపు తీసేస్తే మిగిలేది మనిషిలో ఒక ముక్క. బ్రేకు తీసేసిన బండి ఎటు దొర్లిందో చూసి దాన్ని నడిపేవాడి గుణం చెప్పలేము. ఒకే పరిశీలన మీద ఆధారపడకుండా ఉండటానికి 2017లో ప్రచురితమైన మరో ప్రయోగాన్ని కూడా చెబుతాను. అందులో తాగినవాళ్లు తమ స్వభావంలోని ఐదు ప్రధాన లక్షణాలూ మారాయని తమ గురించి తాము చెప్పుకున్నారు; బయటి పరిశీలకులకు మాత్రం గట్టిగా నిలిచిన మార్పు దాదాపు ఒక్కటే కనిపించింది, కలుపుగోలుతనం పెరగడం. అది స్నేహపూర్వకమైన ప్రయోగశాల వాతావరణంలో జరిగింది కాబట్టి ఇంటి గొడవలకు యథాతథంగా వర్తించదు. అయినా తాగిన ప్రతివాడూ వేరే మనిషి అయిపోతాడన్న నమ్మకం అంత గట్టిది కాదని అది చూపుతుంది. ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాలి: మద్యం వల్ల దూకుడు అందరిలో సమానంగా పెరగదు. తెలివిలో ఉన్నప్పుడే ముక్కుమీద కోపం ఉన్నవారిలో, పర్యవసానాలను పెద్దగా ఆలోచించనివారిలో ఎక్కువగా పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. మందు ఏమీ లేనిచోట ఏదో సృష్టిస్తుందని అనలేము. ఉన్నవాటిలో కొన్నింటిని పెంచుతుంది, కొన్నింటిని నోరు మూయిస్తుంది.

గుర్తులేదన్న మాట విషయంలో మీటరు మాకు నేరుగా ఉపయోగపడింది. మత్తులో జ్ఞాపకం పోవడం నిజంగా జరిగే విషయమే. మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం కొత్త అనుభవాలను నిలవచేయలేకపోవడం వల్ల, మనిషి మాట్లాడుతూ నడుస్తూ ఉన్నప్పటికీ ఆ సమయం జ్ఞాపకంలోకి ఎక్కదు. కానీ అది సాధారణంగా 0.16 పరిసరాల్లోనూ, ఆ పైనా, ముఖ్యంగా ఖాళీ కడుపుతో గబగబా తాగి మోతాదు ఒక్కసారిగా పెరిగినప్పుడూ జరుగుతుంది. 0.05 దగ్గర ఏమీ గుర్తులేదంటే నమ్మడం కష్టం. పుస్తకంలో రాసిపెట్టిన అంకెలు చూపించినప్పుడు తమ్ముడు కొన్ని సందర్భాల్లో గుర్తులేదన్న మాట వెనక్కి తీసుకుని, గుర్తుంది గాని చెప్పడానికి సిగ్గేసిందని అన్నాడు. ఈ పరికరం మా ఇంటికి చేసిన అన్నింటికన్నా పెద్ద మేలు ఇదే. మరదలికి కావలసినది కూడా అంకె కాదు, ఆ ఒప్పుకోలే. ఒకసారి ఆమె నాతో, "వదినా, అంకె ఎంత తక్కువైతే నాకు అంత బాధగా ఉంటోంది" అంది. తక్కువ మత్తులో అన్న మాటకు సాకు తక్కువ అని ఆమె ఉద్దేశం. ఆ మాట సరైనదని నేను ఒప్పుకుంటాను.

అలాగని ఎక్కువ అంకె వచ్చిన రోజున బాధ్యత తగ్గిపోతుందని అనుకోకూడదు. తాగితే తాను ఎలా మారతాడో తెలిసిన మనిషి, ఆ సంగతి తెలిసి కూడా మళ్లీ గ్లాసు ఎత్తాలా వద్దా అన్న నిర్ణయాన్ని తెలివిలో ఉన్నప్పుడే తీసుకుంటాడు. స్వభావం చూడాలంటే నేను అక్కడ చూస్తాను: మర్నాడు క్షమాపణ అడిగాడా, పరిస్థితిని మార్చడానికి ఏమైనా చేశాడా, ఫలానా మాటలు వచ్చే సందర్భాల్లో తాగకుండా ఉన్నాడా. ఆ ప్రశ్నలకు ఏ సెన్సరూ జవాబు చెప్పదు, చెప్పాలని ఆశించడం కూడా తప్పు.

ఇప్పుడు పరికరంలో నాకు నచ్చనివి. దానితోపాటు వచ్చిన చిన్న పుస్తకంలో ఒక పట్టిక ఉంది: ఫలానా అంకెకు ఉల్లాసం, ఫలానా అంకెకు కోపం, ఫలానా అంకెకు తడబాటు అని మనిషి ప్రవర్తనను మెట్లుగా అచ్చువేశారు. ఇది తప్పుదారి పట్టించే పట్టిక. క్రమం తప్పకుండా తాగేవారిలో పెద్ద అంకె దగ్గర కూడా పైకి ఏమీ కనిపించకపోవచ్చు. అలవాటు లేనివారు చిన్న అంకెకే తూలవచ్చు. ఒకే అంకె అయినా మోతాదు పెరుగుతున్నప్పుడు ప్రభావం ఎక్కువగా, తగ్గుతున్నప్పుడు తక్కువగా కనిపిస్తుందని ఎడ్వర్డ్ మెలన్‌బీ 1919లోనే గుర్తించారు. మా ఇంట్లో కూడా కటువైన మాటలన్నీ అంకె ఎక్కుతున్న వేళల్లోనే వచ్చాయి. అంకె అత్యధికంగా ఉన్నప్పుడు అతను సాధారణంగా మౌనంగా ఉండేవాడు. పట్టికను నమ్మితే దీనికి పూర్తిగా వ్యతిరేకంగా ఊహించి ఉండేవాళ్లం.

రెండో లోపం ఫోన్ యాప్‌ది. ఎన్ని గంటలకు మత్తు దిగుతుందో అది నిమిషాలతో సహా చెబుతుంది. సగటున గంటకు 0.015 చొప్పున తగ్గుతుందన్న లెక్క ప్రకారం 0.09 నుంచి సున్నాకు రావడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. కానీ ఆ వేగం ఒక్కొక్కరిలో ఒక్కో రకంగా ఉంటుంది, కాఫీ తాగినా చన్నీళ్ల స్నానం చేసినా పెరగదు. అంచనాను ఖచ్చితమైన సమయంగా చూపించడం వల్ల ఎవరైనా దాన్ని నమ్మి వాహనం ఎక్కే ప్రమాదం ఉంది. పైగా ప్రతి అంకెనూ ఖాతాలో దాచుకోమని యాప్ అడుగుతుంది. ఒక మనిషి తాగుడు చరిత్ర అతని ఇష్టం లేకుండా ఎవరి చేతిలోనూ ఉండకూడదు కాబట్టి మేము యాప్ తీసేసి, కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టాము.

వాడే పద్ధతి గురించి కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే ఈ పరికరం చాలా తేలికగా వేధించే సాధనంగా మారిపోతుంది. గుమ్మంలో అడుగుపెట్టిన మనిషి ముఖాన మీటరు పెట్టి ఊదమంటే, ఆ రాత్రి గొడవకు మనమే కారణం అందించినట్టు. ఊదేవాడే అంకె చూసి, తానే రాయాలి. అంకె మీద ఆ రాత్రి ఎవరూ వ్యాఖ్యానించకూడదు. 0.05 దాటిన రోజు ఇంట్లో పంపకాల మాట గాని, డబ్బు మాట గాని, పిల్లల చదువు మాట గాని ఎత్తకూడదని మేము నియమం పెట్టుకున్నాము. దృష్టి ఇరుకైన మనిషి ముందు కయ్యానికి దారితీసే విషయం పెట్టకపోవడం, పైన చెప్పిన సిద్ధాంతాన్ని బట్టి చూసినా తెలివైన పని. మా గొడవలు తగ్గడంలో యంత్రం కన్నా ఈ నియమం పాత్రే ఎక్కువ.

తాగినప్పుడు తన ప్రవర్తన ఏమిటో తెలుసుకోవాలని తాగేవాడికే కోరిక ఉన్న ఇంటికి, ఫ్యూయల్ సెల్ మీటరును నేను సంతోషంగా సిఫారసు చేస్తాను. అవతలి మనిషి తప్పును రుజువు చేయడానికి మాత్రమే కొనదలచినవారు కొనవద్దని చెబుతాను. తాగివచ్చి చెయ్యిచేసుకునే మనిషి ఉన్న ఇంట్లో దీని అవసరమే లేదు. అది అతని స్వభావమా, మందు ప్రభావమా అన్న ప్రశ్న తేలేవరకు దెబ్బలు తినేవాళ్లు ఆగనక్కరలేదు, ముందు వాళ్లు సురక్షితమైన చోటికి చేరాలి. అంకెలు రోజూ పెద్దవిగా వస్తూ, తాగకపోతే చేతులు వణకడం, చెమటలు పట్టడం, నిద్ర పట్టకపోవడం కనిపిస్తే అది వ్యసనం ముదిరిన సూచన. అటువంటివారు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు, మతిభ్రమ వంటి ప్రాణాపాయకరమైన లక్షణాలు రావచ్చు కాబట్టి మానడం కూడా వైద్యుడి పర్యవేక్షణలోనే జరగాలి. తయారీదారులు ఆ తప్పుడు పట్టికను తీసేసి, ఈ హెచ్చరికను ఆ పేజీలో అచ్చువేస్తే పరికరానికి నేను పూర్తి మార్కులు ఇస్తాను. ప్రస్తుతానికి ఐదుకు మూడున్నర.